బియ్యం ఎగుమతి నిషేధం మీద ప్రాజెక్టు: నోట్సు చెప్పేది ఒకటి, కళ్లంలో విన్నది మరొకటి

గట్టుమీద_కుర్రాడు

నేను బి.ఎ. ఆర్థికశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టరులో జాతీయ ఆర్థిక విధానాల మీద ఒక పేపరు, దానితో పాటు ఒక ప్రాజెక్టు ఉన్నాయి. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించడం సరైనదేనా అన్న అంశం నా వంతుకు వచ్చింది. మాకు ఇచ్చిన నోట్సులో దీనికి ఒకటిన్నర పేజీ సమాధానం సిద్ధంగా ఉంది. లాభాలు ఆరు, నష్టాలు ఆరు, చివర ‘కాబట్టి సమతుల్య విధానం అవసరం’ అన్న వాక్యం. ఇదే వాక్యాన్ని పోయిన సెమిస్టరులో పెద్ద నోట్ల రద్దుకూ, జీఎస్టీకీ కూడా రాశాం.

ఆ నోట్సును ఇంట్లో పైకి చదువుతుంటే మా నాన్నగారు విన్నారు. ఆయన ముమ్మిడివరం వైపు మూడెకరాలు మక్తాకు, అంటే కౌలుకు, చేస్తారు. ఆ యేడు సార్వాలో, అంటే ఖరీఫ్ పంటలో, బస్తాకు రావలసిన ధర రాలేదని, ఢిల్లీ వాళ్లు ఓడలు ఆపడమే దానికి కారణమని అన్నారు. నేను వినియోగదారుల సంక్షేమం అంటూ ఏదో చెప్పబోతే, ‘నువ్వు చదివేది ఎవరి లెక్కరా?’ అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా చేలోకి వెళ్లిపోయారు. మా అధ్యాపకులను అడిగితే నోట్సులో ఉన్నది రాస్తే చాలన్నారు. ఒక జాతీయ విధానాన్ని డిగ్రీ స్థాయిలో నిజంగా చదవడమంటే ఏమిటో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరా?

సివిల్స్_మూడోసారి

మార్కులే కావాలంటే ఆరు లాభాలు, ఆరు నష్టాలు రాసి ముగించడం మంచిది. దిద్దేవారి దగ్గర వందల జవాబు పత్రాలు ఉంటాయి. వారు మీ నాన్నగారి కళ్లం దాకా రారు.

పూతరేకు

ఆరుకు ఆరు అయితే ఆట సమానంగా ముగిసినట్టే కదండీ. ఏడో నష్టం ఒకటి దొరికితే ప్రభుత్వం ఓడిపోతుంది కాబోలు, వెతకండి ఆయ్.

వడ్డీలెక్కలు

ప్రభుత్వం ఏ ఇబ్బందిలో ఉండి ఆ నిర్ణయం తీసుకుందో ముందు అర్థం చేసుకోండి తమ్ముడూ. 2016లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి ద్రవ్యోల్బణానికి 4 శాతం లక్ష్యం, దానికి అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు పెట్టారు. 2022లో వరుసగా మూడు త్రైమాసికాలు 6 శాతం దాటిపోవడంతో, ఎందుకు దాటిందో వివరిస్తూ రిజర్వు బ్యాంకు ప్రభుత్వానికి లేఖ రాయవలసి వచ్చింది. రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, అంటే రెపో రేటు, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య 4 నుంచి 6.5 శాతానికి చేరింది. రెపో రేటు పెంచితే మా బ్యాంకు శాఖలో ఇంటి రుణాలకు వచ్చేవారు తగ్గుతారు గానీ వరి కంకి బరువెక్కదు. అప్పటి వినియోగదారుల ధరల సూచీలో ఆహార పానీయాల వాటా 45.86 శాతం. అంటే సూచీలో దాదాపు సగం మీద వడ్డీ రేటుకు పట్టు లేదు. ఎగుమతి సుంకాలు, నిషేధాలు, నిల్వల పరిమితులు ముందుకు రావడానికి కారణం అదే. 2023 జులైలో ద్రవ్యోల్బణం 7.44 శాతం, ఆహార ద్రవ్యోల్బణం 11.51 శాతం ఉన్నాయి. ఆ అంకెలు చూశాక ఎవరు కుర్చీలో ఉన్నా అదే పని చేసేవారు.

దాళ్వాపిల్ల

పైన వడ్డీలెక్కలు గారు రాసినదాంట్లో ఒక పొరపాటు ఉంది. ఇదే పొరపాటు చాలా నోట్సుల్లోనూ కనిపిస్తుంది కాబట్టి చెబుతున్నాను. 7.44 అన్నది జులై నెల అంకె. అది వెలువడింది ఆగస్టు మధ్యలో. నిషేధం వచ్చింది జులై 20న. ఇంకా పుట్టని అంకెను చూసి నిర్ణయం తీసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ రోజు ప్రభుత్వం ప్రకటనలో చూపిన కారణం వేరు. చిల్లర మార్కెట్లో బియ్యం ధర ఏడాదిలో 11.5 శాతం, అంతకుముందు నెల రోజుల్లో 3 శాతం పెరిగిందన్నారు. ఎల్‌నినో వల్ల వానలు ఎలా ఉంటాయోనన్న భయం కూడా అప్పటికి ఉంది.

గట్టుమీద_కుర్రాడు గారూ, మీరు మొదలుపెట్టవలసింది ఇక్కడే. ఒక కాగితం మీద తేదీలు వరుసగా రాసుకోండి. ఏ రోజున ఎవరికి ఏమి తెలుసో ఆ తేదీల పక్కన రాయండి. నేను తణుకు దగ్గర ఊరి నుంచి విశాఖకు ఎం.ఎ. చదవడానికి వచ్చిన మొదటి నెలలో నేర్చుకున్న మొదటి పాఠం ఇది. నేర్చుకున్నది నా వ్యాసం మీద ఎర్ర సిరా పడిన తర్వాతే లెండి.

వడ్డీలెక్కలు

పొరపాటు నాదే, ఒప్పుకుంటున్నాను. మూడేళ్ల తర్వాత వెనక్కి చూస్తే అంకెలన్నీ ఒకే రోజున వచ్చినట్టు అనిపిస్తాయి.

బార్జి_గుమాస్తా

నేను కాకినాడలో బియ్యం ఎగుమతి చేసే ఒక సంస్థలో గుమాస్తాను. తేదీలన్నారు కాబట్టి మాకు గుర్తున్నవి రాస్తాను. నిషేధం ఒక్క రోజులో ఊడిపడలేదు. 2022 సెప్టెంబరులోనే నూకల ఎగుమతిని ఆపి, తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. 2023 జులై 20న తెల్ల బియ్యాన్ని పూర్తిగా ఆపారు. ఆగస్టు 25 నుంచి ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వచ్చింది. 2024 సెప్టెంబరు 28న తెల్ల బియ్యానికి గేటు తెరిచి, టన్నుకు 490 డాలర్ల కనీస ధర పెట్టారు, దాన్ని అక్టోబరులో ఎత్తేశారు. నూకలకు మాత్రం 2025 మార్చి దాకా ఆగవలసి వచ్చింది.

ఇక్కడి యాంకరేజి రేవులో ఓడ ఒడ్డుకు రాదు. అది సముద్రంలో దూరంగా లంగరు వేసుకుని ఉంటే బస్తాలను బార్జిల మీద పంపిస్తాం. ఉత్తర్వు వచ్చే నాటికి లోడింగు మొదలైన సరుకును వదిలేయవచ్చని అందులో మినహాయింపు ఉంది. మా గోదాములో రెండు రోజుల పాటు ఒకటే వాదన నడిచింది. బార్జిలోకి ఎక్కి ఓడలోకి ఎక్కని బస్తా లోడింగు అయినట్టా, కానట్టా? పుస్తకంలో ‘నిషేధం’ అన్నది ఒక్క మాట. మాకు ప్రతి బార్జికీ ఒక ఫైలు. ఆ బియ్యంలో ఎక్కువ భాగం పశ్చిమ ఆఫ్రికా దేశాలకు పోతుంది. ప్రపంచంలో దేశాల మధ్య అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మన దేశానిదే కాబట్టి, ఇక్కడ గేటు వేస్తే అక్కడ ఎవరో ఒకరు ఎక్కువ ధర పెట్టి తిన్నారు. మీ ఆరు నష్టాల్లో ఆ మనిషి ఉన్నాడా?

గట్టుమీద_కుర్రాడు

లేడండీ. ‘అంతర్జాతీయ ప్రతిష్ఠకు భంగం’ అన్న ఒక పంక్తి మాత్రం ఉంది.

తేదీలన్నీ రాసుకున్నాను. వాటి పక్కన పెడితే మా నాన్నగారి మాట నిజమేననిపిస్తోంది. నిషేధం జులైలో వచ్చింది, మాకు సార్వా కోత డిసెంబరులో పడింది, బస్తాకు ధర తగ్గింది. కారణం ముందు, ఫలితం తర్వాత వరుసగా ఉన్నాయి.

దాళ్వాపిల్ల

వరుసగా ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మీ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదా? మా ఊళ్లో కోసిన పనలు నీళ్లలో తేలాయి, కళ్లాల మీద బరకాలు కప్పినా అడుగు నుంచి నానిపోయింది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు నిబంధన ప్రకారం తిప్పి పంపవచ్చు, లేదా తరుగు తీస్తారు, అంటే తూకంలో కొన్ని కిలోలు కోసేస్తారు. ఆ డిసెంబరులో ధర తగ్గడానికి ఓడ కారణమా, వాన కారణమా అన్నది విడదీయకుండా మీ ప్రాజెక్టు ముందుకు సాగదు.

పూతరేకు

ఏడో నష్టం దొరికింది. తుపాను. అది ప్రభుత్వానిది కాదట గానీ.

నాలుగెకరాల_ఆసామి

నేను వ్యవసాయం మానేసి పదిహేనేళ్లయింది, పొలం మక్తాకు ఇచ్చాను. నాకు అర్థం కానిది ఒకటే. మద్దతు ధర ఉన్నప్పుడు ఎగుమతి ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? 2023-24లో సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు రూ. 2,183 ప్రకటించారు. మన 75 కిలోల బస్తాకు అది రూ. 1,637 పైచిలుకు. ఓడలు నడిచినా నడవకపోయినా ప్రభుత్వం ఆ ధరకు కొంటుంది కదా. రైతుకు నష్టం ఎక్కడ జరిగింది?

పాత_పంతులు

ఆసామి గారి ప్రశ్న సరైనదే గానీ అందులో రెండు విషయాలు కలిసిపోయాయి. మద్దతు ధర నేల వంటిది, ఎగుమతి ధర పైకప్పు వంటిది. నిషేధం నేలను తవ్వదు, పైకప్పును కిందికి దించుతుంది. రైతు నేల మీదే నిలబడి ఉన్న రోజుల్లో పైకప్పు ఎక్కడ ఉన్నా అతనికి తెలియదు. ధర నేలను వదిలి పైకి లేవబోయే సంవత్సరంలోనే నిషేధం నెత్తికి తగులుతుంది. కాబట్టి ‘నిషేధం వల్ల నష్టమా?’ అని కాక, ‘ఆ యేడు ధర నేల మీద ఉందా, పైకి లేస్తున్నదా?’ అని మొదట అడగాలి.

ఇక ఆ నేల ఎంత ఎత్తున ఉందో చూద్దాం. ఈ ధరను సిఫారసు చేసే వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషను 1965లో వేరే పేరుతో మొదలై 1985లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. ఏటా అది ఇచ్చే ఖరీఫ్ నివేదిక ఉచితంగా దొరుకుతుంది. నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా, తరగతిలో ఆ నివేదికను తెరిచి చూసిన విద్యార్థులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. 2023-24కు ధాన్యం ఖర్చును క్వింటాలుకు రూ. 1,455గా లెక్కకట్టారు. దానికి సగం కలిపితే రూ. 2,183 వస్తుంది. ఈ రూ. 1,455ను ‘ఏ2 ప్లస్ ఎఫ్ఎల్’ అంటారు. విత్తనం, ఎరువు, కూలి, యంత్రం వంటి చేతి నుంచి పోయిన ఖర్చులూ, ఇంటి మనుషుల కష్టానికి కట్టిన విలువా ఇందులో ఉంటాయి. సొంత భూమికి అద్దె, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే అది ‘సీ2’ అవుతుంది. మద్దతు ధర ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఉండాలని స్వామినాథన్ కమిషను అన్నది ఏ ఖర్చు మీద అన్న తగాదా అంతా ఈ రెండింటి మధ్యనే.

మన డెల్టాకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది, నోట్సుల్లో అది ఎక్కడా కనిపించదు. కౌలుకు చేసేవాడు చెల్లించిన మక్తా ఏ2లోనే ఉంటుంది, సీ2 దాకా వెళ్లనక్కరలేదు. మక్తా లెక్కలోకి వచ్చింది కదా అని సంతోషించవచ్చు. కానీ ఆ రూ. 1,455 దేశం మొత్తం మీద సగటు. దేశంలో చాలాచోట్ల రైతు సొంత భూమి దున్నుతాడు, అతను చెల్లించే మక్తా సున్నా. ఆ సున్నాలన్నిటితో కలిపి సగటు తీస్తే కోనసీమలో ఎకరాకు పది, పన్నెండు బస్తాలు కొలిచే మనిషి ఖర్చు చెరువులో వేసిన ఉప్పురాయిలా కరిగిపోతుంది. ‘నువ్వు చదివేది ఎవరి లెక్కరా?’ అని మీ నాన్నగారు అడిగినది సరిగ్గా ఇదే బాబూ. ఆయన పేరు పెట్టలేదంతే.

మరొక హెచ్చరిక. 2011 సార్వాలో కోనసీమ రైతులు వరి వేయబోమని పంట విరామం ప్రకటించినప్పుడు నేను అమలాపురంలోనే ఉన్నాను. అంతకుముందు మూడేళ్లకు పైగా, 2008 నుంచి, బాస్మతి కాని బియ్యం ఎగుమతి మీద నిషేధం ఉంది. ఈ రెండింటినీ ఒక బాణం గుర్తుతో కలిపి బోర్డు మీద గీసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. తర్వాత ఊళ్లు తిరిగితే కూలి ఖర్చు, మురుగు కాలువల పూడిక, గోదాములు ఖాళీ లేక మిల్లరు కొనకపోవడం, ఒక్కొక్క ఊళ్లో ఒక్కొక్కటి ముందుకు వచ్చాయి. మోహన్ కందా కమిటీ కూడా ఆ పంట విరామాన్ని పరిశీలించడానికి వేసినదే. బాణం చెరపలేదు గానీ సన్నగా గీశాను.

సివిల్స్_మూడోసారి

మాస్టారి వివరణ బాగుంది. కానీ పరీక్షలో ‘కోశ విధానం’ మీద ప్రశ్న వస్తే ఈ పిల్లవాడు మక్తా గురించి రాసి వస్తాడేమోనని నా భయం. పదాలు తెలియాలి, నిర్వచనాలు తెలియాలి. నేను రెండోసారి తప్పింది నిర్వచనాల దగ్గరే.

పాత_పంతులు

నిర్వచనాలు వద్దని నేను అనలేదు. అసలు మన పదాల్లోనే ఒక గొయ్యి ఉంది. పాఠ్యపుస్తకంలో ‘ద్రవ్య విధానం’ రిజర్వు బ్యాంకుది, ‘కోశ విధానం’ ప్రభుత్వ ఆదాయ వ్యయాలది. పత్రికలేమో బడ్జెట్ రోజున ప్రభుత్వ లోటును ‘ద్రవ్యలోటు’ అని రాస్తాయి. పుస్తకం ప్రకారం అది కోశ లోటు. రెండూ చదివిన విద్యార్థి ద్రవ్యలోటును రిజర్వు బ్యాంకు భర్తీ చేస్తుందని జవాబు రాస్తే తప్పు ఎవరిది? కాబట్టి పదం కనిపించగానే ఇది ఎవరి చేతిలో ఉన్న పని అని అడగడం అలవాటు చేసుకోవాలి.

నాలుగెకరాల_ఆసామి

మాస్టారు మక్తా అనగానే అందరూ నా వైపు చూస్తున్నట్టుంది. భూమి శిస్తు, నీటి తీరువా, బోదె పూడిక, అన్నీ నావే. పైగా ఎగుమతి ఆగి ధర పడితే నాకూ పోతుంది. నాకు మక్తా డబ్బుగా కాదు, బస్తాలుగా వస్తుంది. ఎకరాకు 12 బస్తాలు. బస్తా ధర రూ. 100 తగ్గితే నాకు ఎకరాకు రూ. 1,200 తగ్గినట్టే కదా.

దాళ్వాపిల్ల

ఆసామి గారు కోపంలో చెప్పినా, ఈ చర్చలో నాకు బాగా ఉపయోగపడిన మాట ఇదే. మక్తా బస్తాల్లో ఉంటే ధర తగ్గిన నష్టాన్ని భూమి గలవారు, సాగు చేసేవారు పంచుకుంటారు. ఎకరాకు 30 బస్తాలు పండి 12 మక్తాకు పోతే నష్టంలో 40 శాతం ఆసామిది. అదే మక్తాను ముందే రూపాయల్లో మాట్లాడుకుని ఉంటే నష్టమంతా సాగుదారు మీదే పడుతుంది. ‘రైతుకు నష్టం’ అని నోట్సు రాసిన చోట ఇద్దరు మనుషులు ఉన్నారన్నమాట. పీఎం కిసాన్ కింద ఏటా వచ్చే రూ. 6,000 మాత్రం భూమి పేరున ఉన్నవారి ఖాతాకే వెళ్తుంది. అక్కడ ‘రైతు’ అన్న మాటకు అర్థం మళ్లీ మారిపోతుంది.

వెనామీచెరువు

మాకు భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఈ పంపకం ఇంకో రకంగా ఉంటుంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. కాగితం మీద ఆ సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారు. కానీ మా గట్టు మీదికి వచ్చిన కొనుగోలుదారు, సుంకం అమలులోకి రాకముందే, కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధర) తగ్గించి చెప్పాడు. రొయ్య నీళ్లలో ఉంది, మేత రోజూ పడుతోంది, తెల్ల మచ్చ తెగులు భయం ఉంది, ఎన్నాళ్లు ఆగగలను? ఎవరు ఆగలేరో భారం వాళ్ల మీదికి జారుతుంది. ధాన్యంలోనూ అంతేననుకుంటున్నాను. తడిసిన ధాన్యం రొయ్య లాంటిదే, ఆగదు.

వడ్డీలెక్కలు

అన్నీ నిజమే. అయితే ఒక చెయ్యి అడ్డం పెడుతున్నాను. మూడెకరాల లెక్కతో దేశ విధానాన్ని తూచకూడదు. నిషేధం వల్ల బియ్యం కొనుక్కుని తినే కోట్ల మందికి కిలోకు రూపాయో రెండో మిగిలి ఉంటే, ఆ మొత్తం మన డెల్టా నష్టం కంటే పెద్దది కావచ్చు. మన డెల్టాలోనే కూలి పనికి వెళ్లేవారు బియ్యం కొనుక్కుంటారు. రేషను సరిపోని ఇల్లు ఎన్ని లేవు? ఒక కళ్లం కథ రాసి ‘జాతీయ విధానం తప్పు’ అని తేల్చడం నోట్సులోని ఆరుకు ఆరు కంటే గొప్ప పనేమీ కాదు.

పాత_పంతులు

తేల్చమని ఎవరూ అనలేదు. ఇరవై ఏళ్ల కుర్రవాడు దేశానికి తీర్పు చెప్పనక్కరలేదు. ఒక విధానం తన ఊరికి చేరేటప్పటికి ఏయే చేతులు మారిందో, ఏ చేతి దగ్గర ఎంత ఆగిందో రుజువుతో చూపిస్తే డిగ్రీకి అది చాలా ఎక్కువ. మీరన్న కొనుగోలుదారుల లెక్క కూడా అందులో ఒక పేరాగా ఉండాలి, అది ఒప్పుకుంటాను.

బార్జి_గుమాస్తా

ధరల కోసం మార్కెట్ యార్డు వెబ్‌సైటు చూసి మోసపోకండి. మన వైపు ధాన్యం యార్డుకు వెళ్లేది తక్కువ, బేరం కళ్లంలోనే అయిపోతుంది. కాటా చీటీలు ఎవరి దగ్గర ఉంటే వారి దగ్గరే అసలు ధర ఉంటుంది.

గట్టుమీద_కుర్రాడు

పది రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను. బార్జి_గుమాస్తా గారి మాట పట్టుకుని ఇంట్లో వెతికితే, మా అమ్మ బియ్యం డబ్బా వెనక పెట్టిన పాత డైరీలో 2023 సార్వా కాటా చీటీలు దొరికాయి. కొన్నింటికి చెమ్మ తగిలి అంకెలు అలుక్కుపోయాయి, మిగిలినవి చదవగలిగాను.

కాటా డిసెంబరు 14న జరిగింది, అంటే తుపాను తర్వాత. తేమ ఎంతో చీటీ మీద రాయలేదు. 75 కిలోల బస్తాకు 5 కిలోలు తరుగు తీసి 70 కిలోలకే డబ్బు కట్టారు. క్వింటాలుకు రూ. 2,183 చొప్పున 75 కిలోలకు రూ. 1,637.25 రావాలి, వచ్చింది రూ. 1,528.10. అంటే చీటీ మీద ప్రభుత్వ ధర చెక్కు చెదరలేదు, తూకంలోనే బస్తాకు రూ. 109 పోయింది. చేను పడిపోవడంతో ఎకరాకు 30కి బదులు 25 బస్తాలే అయ్యాయి.

దాళ్వాపిల్ల గారు చెప్పినట్టు విడదీసి చూశాను. తగ్గిన అయిదు బస్తాల విలువ రూ. 8,186, తరుగు వల్ల పోయినది రూ. 2,729, రెండూ కలిపి ఎకరాకు రూ. 10,915. ఇదంతా వాన నష్టం. మక్తా పోగా మాకు మిగిలేవి మామూలు పంటలో 18 బస్తాలు కాబట్టి, నిషేధం కూడా ఇంతే నష్టం చేసి ఉండాలంటే బస్తాకు రూ. 600కు పైగా ధరను తొక్కిపెట్టి ఉండాలి. అంటే మద్దతు ధర మీద 37 శాతం. అంత తేడా ఉండేదని నాకు అనిపించడం లేదు. తర్వాతి దాళ్వాకు, అంటే రబీ పంటకు, నిషేధం ఇంకా ఉండగానే మాకు తరుగు లేకుండా పూర్తి ధర వచ్చినట్టు అదే డైరీలో ఉంది.

ఇది చెబితే నాన్నగారు వెంటనే ఒప్పుకోలేదు. ‘ఓడలుంటే మిల్లరు తడి ధాన్యానికి కూడా ఎగబడేవాడు, అయిదు కిలోలు తీసేవాడా?’ అన్నారు. నా దగ్గర దానికి జవాబు లేదు.

వెనామీచెరువు

మీ నాన్నగారిది మంచి ప్రశ్న. కొనేవాడికి తొందర ఉంటే తరుగు తగ్గుతుంది. మా దగ్గర కూడా కంటైనరు నిండని రోజున సైజు గురించి ఎవరూ గొడవ చేయరు.

దాళ్వాపిల్ల

అది పరీక్షించదగిన ప్రశ్న. నిషేధం లేని సంవత్సరాల్లో, వాన పడిన కోతల్లో తరుగు ఎంత తీశారో చూడాలి. మీ డైరీ ఎన్నేళ్లు వెనక్కి వెళ్తుంది? పక్క ఇళ్ల చీటీలు ఓ పది దొరికినా చాలు. వడ్డీలెక్కలు గారి అభ్యంతరానికి కూడా అప్పుడు కొంత జవాబు దొరుకుతుంది.

వడ్డీలెక్కలు

పది చీటీలైనా పదే. అయినా ఈ పద్ధతి నాకు నచ్చింది. రూ. 600 లెక్కను మాత్రం తీసేయకండి. ‘నిషేధం ఎంత చేసింది?’ అన్నది తెలియనప్పుడు ‘ఎంత చేసి ఉండాలి?’ అని తిప్పి అడగడం మా రుణ పరిశీలనలో కూడా ఉపయోగపడే పనే.

సివిల్స్_మూడోసారి

ఇంత చేశాక ఆ ఆరు లాభాలు, ఆరు నష్టాలు కూడా చివర అనుబంధంగా అతికించండి. మీ అధ్యాపకులు వాటి కోసం వెతుకుతారు. ఇది వెటకారం కాదు, నిజమైన సలహా.

గట్టుమీద_కుర్రాడు

అతికిస్తానండీ. డైరీ 2016 దాకా ఉంది, మధ్యలో రెండేళ్లు లేవు. పక్క ఇళ్లలో అడుగుతున్నాను.

ఇంకొక్క సంగతి ఇక్కడ రాయాలి. నేను పట్టిక గీసి ఇస్తే నాన్నగారు అద్దాలు పెట్టుకుని వరుసగా చూసి, మక్తా గడి దగ్గర వేలు పెట్టారు. నేను అక్కడ 12 బస్తాలను రూ. 1,528 చొప్పున వేశాను. ఆయన దాన్ని కొట్టేసి రూ. 1,637 అని రాశారు. మక్తా బస్తాకు తరుగు లేదట. ప్రభుత్వ ధర, బయటి ధర, రెండింట్లో ఏది ఎక్కువైతే ఆ ధర కట్టి ఆసామికి ఇవ్వాలని ముందే ఒప్పందమట. ఎకరాకు రూ. 19,647 అలా వెళ్లింది, మాకు రూ. 18,555 మిగిలింది. ఎరువుల కొట్టు బాకీ ఇందులోంచే తీర్చారు. తడిసిన అయిదు కిలోల నష్టం మొత్తం 25 బస్తాల మీదా మాదే.

నాలుగెకరాల_ఆసామి

మా వైపు కూడా తరుగు తీసి మక్తా కట్టే పద్ధతి లేదు. ఎప్పుడూ లేదు. ఎందుకు లేదని ఎవరూ నన్ను అడగలేదు, నేనూ అడగలేదు. నా దగ్గర 2009 నుంచి మక్తా పుస్తకం ఉంది, ఏ యేడు బస్తా ఏ ధరకు కట్టారో అందులో ఉంటుంది. పేర్లు తీసేసి అంకెలు రాసి ఇస్తాను, పనికొస్తుందేమో చూసుకో బాబూ.